ఏడో కాన్పు

రాళ్లగూడెం,
మునుగోడు దగ్గర, నల్లగొండ జిల్లా.
కార్తీక మాసం, 1958.

చెల్లె నిర్మలను అక్క సుగుణమ్మ దీవించి రాసేది.

నర్సమ్మవు అయినంక నీ చేతిరాత పాడైంది. పోయిన జాబు చదవడానికి నాకు రెండు పూటలు పట్టింది. సంఘపోళ్లు ఊర్ల రాత్రి బడి పెట్టిన దినాలల్ల ఇద్దరం అండ్లనే అక్షరాలు దిద్దినం, నాకన్న నువ్వే ముద్దుగ రాసేదానివి. జర నిదానంగ రాయి.

మొదలు మంచి మాట చెప్త. బిడ్డ భద్రమ్మకు ఏడో నెల పడ్డది. మొన్న మీ బావ పోయి తోలుకొచ్చిండు. పిల్ల మంచిగున్నది, మొగం నిండుగయ్యింది. మాఘంల కాన్పు అయితదని మంత్రసాని సైదమ్మ అన్నది. సైదమ్మ చెయ్యి మంచిదే గని కండ్లు మసకలైనయి. ఆ యాళ్లకు నువ్వు సెలవు పెట్టి రావాలె.

ఇగ రెండో మాట. ఎట్ల రాయాల్నో తెల్వక పొద్దటి సంది కాయితం ముందటేసుకొని కూసున్న. నిర్మలా, నాకు గూడ ఐదో నెల. నవ్వకు. బిడ్డ తొలి కాన్పుకని ఇంటికొస్తే నలభై దాటిన తల్లి కడుపుతోని ఎదురువొయ్యింది. ముట్టు ఆగిపోయిందనే అనుకున్న, ఈడు వచ్చింది గదా అని. మూడో నెలల వాంతులు మొదలైనయి. సైదమ్మ ఏదో కషాయం కాచిచ్చింది, తాగిన, పోలే. మీ బావకు చెప్తే మొగం అటు తిప్పుకొని ఎడ్లకు గడ్డి వెయ్యవోయిండు, తప్పంత నాదే అన్నట్టు.

వియ్యపురాలు లీలమ్మకు తెలిస్తే సచ్చేదాక నవ్వుతది. తల్లిది, బిడ్డది ఒక్క కప్పు కింద కాన్పులు కావద్దని గూడ అంటరు. అందుకే నాది చేను కాడి కొట్టంల కానిస్త. ఇల్లు భద్రికి ఇడిచిపెడ్త. నాకు ఫికర్ లేదు. ఆరుగురిని కన్న, ఏ ఒక్కటన్న పూట పట్టిందా? నాలుగోడు పుట్టినప్పుడు పొయ్యి మీది అన్నం ఉడుకకముందే పుట్టిండని నువ్వే అందరికి చెప్పినవ్. నాకు తొవ్వ ఎప్పుడో పడ్డది.

ఒళ్లే జర మొండికేస్తాంది. ఇసుర్రాయికి అటో కాలు ఇటో కాలు పెట్టి కూసుందమంటే తొడలు విడివడ్తలేవు. బర్రెకు పాలు పిండ కూసుంటే గోడ పట్టుకొని లేవాలె. ముసల్దానివైనవ్ అంటడు మీ బావ. ఆయన నడుం ఏమన్న నిలబడి ఉన్నదా? కొత్త బాయి తవ్వినంక మా వాడల అందరం గిట్లనే వంగినం. నీళ్లు మంచియి గావని అంటరు, గని ఇంకో బాయి యాడున్నది. నడుముకు పట్టీ వేసే మందుంటే పంపు. భద్రి కాన్పుకు తప్పకుంట రా.

మీ అక్క,
సుగుణమ్మ


మహబూబ్‌నగర్,
24 నవంబరు 1958.

అక్కకు నిర్మల నమస్కరించి రాస్తున్నది.

అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఒక్కటి కూడా వదలకుండా చదువు, చదివి బావకు వినిపించు.

నేను నవ్వలేదు. కడుపు సంగతి చదివినప్పుడు బాధపడ్డాను. ఇసుర్రాయి సంగతి మాత్రం లేచి నిలబడి మళ్లీ చదివాను. డ్యూటీలో ఉండగానే ఆ జాబు తీసుకుపోయి మా డాక్టరమ్మకు చదివి వినిపించాను. ఆమె కూడా ఆ వాక్యం దగ్గరే ఆపి మళ్లీ చదవమన్నది.

ఆమె ఒకసారి మాకు బొమ్మ గీసి చూపించింది. తుంటి ఎముకలు రెండూ ముందూ వెనకా కలిసి కడియంలాగా ఉంటాయి. బిడ్డ ఆ కడియంలో నుంచే బయటికి రావాలి. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యేదాకా అది మగపిల్లవాడిదానిలాగే ఇరుకుగా ఉంటుంది. తర్వాత ఏటేటా విచ్చుకుంటుంది. ఇరవై అయిదు, ముప్పై ఏళ్లకు బాగా విశాలమవుతుంది. నలభై వైపు పోయేకొద్దీ మళ్లీ దగ్గరపడుతుందని, ఇన్నేళ్లుగా కాన్పులు చేసిన అనుభవంతో డాక్టరమ్మ చెబుతున్నది. దానికి తోడు మీ బాయి నీళ్లలాంటివి తాగితే ఎముక మందమెక్కి బిగుసుకుపోతుంది. నీ ఆరుగురూ వచ్చిన కడియం ఇప్పుడు నీ ఒంట్లో లేదు అక్కా. తొడలు విడివడకపోవడం బావ అన్నట్టు ముసలితనం కాదు.

పోయిన ఎండాకాలం మీ దిక్కు నుంచే ఒకామె వచ్చింది. ఎనిమిదో కాన్పు. మొదటి ఆరూ ఇంట్లోనే, ఎవరూ పట్టకుండానే అయ్యాయట. ఏడోది కష్టమైంది, ఎనిమిదోది రానే లేదు. నాకు తొవ్వ పడ్డది నర్సమ్మా, జర ఆగితే అదే వస్తది అని నా చెయ్యి పట్టుకుని చెబుతూనే ఉన్నది. తెల్లారేసరికి ఆమె లేదు.

భద్రికి ఇరవై నిండాయి. దాని గురించి నాకు దిగులు లేదు. నీ గురించే. ఇద్దరూ ఇక్కడికే రండి. దాని కాన్పు నేనే చేస్తాను. నీకు నొప్పులు రాకముందే డాక్టరమ్మ కడుపు కోసి బిడ్డను తీస్తుంది. నాకు పసుపు కుంకుమ తీసేసి మూల కూర్చోబెట్టిన రోజు ఊరందరితో కొట్లాడి నన్ను ఈ చదువుకు పంపింది నువ్వు. ఆ కొట్లాటలో సగమన్నా నీ కోసం చెయ్యి.

నీ చెల్లెలు,
నిర్మల


రాళ్లగూడెం,
పుష్య మాసం.

చెల్లె నిర్మలకు,

జాబు అందింది. పెద్ద అక్షరాలు మంచిగున్నయి, గిట్లనే రాయి. మీ బావకు వినిపించిన. ఆయన ఏమన్నడంటే, మా అమ్మ నలభై ఐదేండ్లకు నన్ను కన్నది, ఆమెకు ఏ డాక్టరమ్మ ఎముకలు చూసింది అన్నడు. ఆమె ఈ బాయి నీళ్లు తాగలేదని నేనన్న. అన్నంక నాకే జర గుబులైంది, నిజమే చెప్త.

అయినా ఎముక ఏమన్న నులక మంచమా, బిగిసి సాగేటందుకు? మీ డాక్టరమ్మకు ఎంత మంది పిల్లలో అడుగు.

భద్రిని దవాఖానకు తెస్తే లీలమ్మ ఊకుంటదా? తొలి కాన్పు చెయ్యనీకి తల్లిగారింట్ల దిక్కులేదా అంటది. పిల్ల జిందగీ అంత ఆ మాట పడాలె. తల్లి గూడ కడుపుతోని ఉన్నదంటే ఇగ మొగం యాడ పెట్టుకుంటది? నేను ఇప్పుడు బయటికి పోవుడు బంద్ పెట్టిన. కొంగు నిండ కప్పుకొని పెరట్లనే తిరుగుతున్న.

భద్రి కాన్పు కానీ. పురుడు పోసి, ఇరవై ఒక్కటో దినం తొట్టెల చేసి, ఆ మరునాడే బస్సెక్కుత. నా లెక్కకు నాకు ఇంకో నెల మిగులుతది. నువ్వు భద్రి కాన్పుకు మాత్రం రా. అప్పుడు కావాల్నంటే నా ఎముకలు గూడ చూసుకో.

సుగుణమ్మ


మహబూబ్‌నగర్,
12 ఫిబ్రవరి 1959.

అక్కా,

నిన్న రాత్రి చేరాను. భద్రికీ పాపకూ ఏమీ భయం లేదు. పాప తల చక్కగా ఉన్నది, భద్రి ఎముక నేను అనుకున్నంత విశాలంగానే ఉన్నది. చంటిపిల్లకు మీ బాయి నీళ్లు పట్టకండి. చెరువు నీళ్లు కాచి వడగట్టి ఇవ్వండి, భద్రి కూడా అవే తాగాలి.

ఇది నీ కోసం రాస్తున్నాను. గరిసె వెనకాల చాప మీద పడుకోబెట్టి నిన్ను చూశాను కదా. లోపల వెనక ఒక ఎముక ఉంటుంది. విశాలంగా ఉన్న ఆడదానికి అది నా వేలికి అందకూడదు. నీకు సగం వేలికే తగిలింది. నా మొగం చూసి నీకు అర్థమైంది. అర్థమై, ఏందే పాము కరిచినట్టు చెయ్యి తీసినవ్ అని నవ్వావు. భద్రి పక్క గదిలో ఉన్నదని నేను ఊరుకున్నాను. అక్కా, బిడ్డ ఆ దారిన రాదు. పెద్దదైతే రాదు, చిన్నదైనా రాదు. నువ్వెంత ఓర్చుకున్నా రాదు.

డాక్టరమ్మతో మాట్లాడాను. మంచం ఉంచుతానన్నది. ఇరవై ఒక్కటో దినం అన్నావు, మాట తప్పకు.

నిర్మల


రాళ్లగూడెం,
ఫాల్గుణం.

చెల్లె నిర్మలకు,

కోపం చేయకు. తొట్టెల ఇంక కాలే. దినం వెనక్కి జరిగింది. లీలమ్మ వాళ్ల అయ్యగారు పంచాంగం చూసి, మూఢం ఉన్నది, అది పోయినంక చెయ్యమన్నడట. ఉగాదికి ముందు మంచి దినం పెట్టి మనిషిని పంపింది. ఇంటికి ఆడదిక్కు నేనొక్కదాన్నే, నేను పోతే వండిపెట్టేదెవరు, సదిరేదెవరు? ముందుగల్లనే అన్ని చేసిపెట్టి, వాళ్లు వచ్చే పొద్దు నేను చేను కాడికి పోత. నన్ను ఈ కడుపుతోని చూడకపోతే సాలు. నేను యాడికి పోయిన్నో మీ బావ ఏదో ఒకటి చెప్తడు.

వాళ్ల బండ్లు కదిలినంక నేను బస్సెక్కుడే. నీ మీద ఒట్టు. లెక్క ప్రకారం నాకు ఇంక పదిహేను దినాలున్నయి.

కడుపుల పోరడు మస్తు తన్నుతున్నడు. ఆరుగురిల ఎవడు గిట్ల తన్నలే. రాత్రి నిద్ర పట్టక వాడితోనే మాట్లాడుతున్న. ముందుగల్ల వద్దనుకున్నందుకు తప్పైంది బిడ్డా అని చెప్పిన. ఈ సంగతి మీ బావకు రాయకు.

సుగుణమ్మ


మహబూబ్‌నగర్,
18 మార్చి 1959.

అక్కా,

కార్డు రాస్తున్నాను, తొందరగా అందాలని. తొట్టెల వదిలిపెట్టు. వండే మనిషిని కూలికి పెట్టండి. ఈ కార్డు అందిన పూటే బయలుదేరు. దేవరకొండ మీదుగా వస్తే సాయంత్రానికి చేరతావు. బావా, చదివేది నువ్వైతే నీ కాళ్లు పట్టుకుంటున్నాను, అక్కను పంపించు.

నిర్మల


రాళ్లగూడెం,
వైశాఖం.

చెల్లెకు,

నువ్వు నల్లగొండ దవాఖానకు వచ్చి పోయినంక వారానికి నన్ను ఇంటికి తెచ్చిండ్రు. పిల్లగాడు దక్కలేదనే బాధ తప్ప అందరం మంచిగున్నం. రాసేదేం లేదు.

సుగుణమ్మ


మహబూబ్‌నగర్,
20 మే 1959.

భద్రమ్మను చిన్నమ్మ దీవించి రాస్తున్నది.

అమ్మ మూడు వరుసల జాబు రాసింది. ఉప్పు ధర పెరిగిందని చెప్పడానికి కూడా కాయితం నింపే మనిషి. నల్లగొండలో నాలుగు రోజులు ఆమె మంచం పక్కనే ఉన్నాను. ఏం జరిగిందని ఎంత అడిగినా గోడ వైపు తిరిగి పడుకున్నది. మీ నాయిన నన్ను చూసి వరండాలోకి పోయాడు. నువ్వు చెప్పు. తొట్టెల నాడు ఏమైంది? అమ్మకు ఇప్పుడు మూత్రం నిలుస్తున్నదా? సిగ్గుపడకుండా రాయి. అమ్మకు తెలియనివ్వను.

నిర్మల


రాళ్లగూడెం,
వైశాఖ బహుళం.

చిన్నమ్మకు భద్రమ్మ నమస్కారం చేసి రాస్తున్న.

అమ్మకు తెలిసినా మంచిదే. నాకు ఇగ దాచబుద్ధి అయితలేదు.

నీ కార్డు అందినా, మా అత్తోళ్లు వచ్చి పోయినంకనే బస్సెక్కుత అన్నది అమ్మ. తొట్టెల నాడు తెల్లారకముందే వంటలన్ని చేసిపెట్టి చేను కాడికి పోయింది. మా అత్త రాంగనే వదినె ఏది అని అడిగింది. మహబూబ్‌నగర్‌కు పోయింది, చెల్లెకు పాణం బాగలేదు అని నాయిన చెప్పిండు. మా అత్త జర మొగం ముడుచుకున్నది, మనుమరాలి తొట్టెలకన్న చెల్లె ఎక్కువైందా అన్నది. నేను పిల్లను ఎత్తుకొని లోపలికి పోయిన.

అమ్మకు ఆ పొద్దే నొప్పులు మొదలైనయట, పొద్దు బారెడు ఎక్కకముందే. మేం కొట్టించే డప్పులు ఆమెకు వినవడ్డయట. పక్క చేన్ల కలుపు తీసేటోళ్లు ఉన్నరు, పిలిస్తే ఊర్లకు ఉరికి సైదమ్మను తోలుకొస్తురు. సైదమ్మ మా ఇంట్ల పిల్లకు నీళ్లు పోసి పాట పాడుతున్నది. అమ్మ ఎవల్నీ పిలువలే. విస్తర్లు ఎత్తేలోపు నాకు అయిపోతది, మందిని ఎందుకు లేపాలె అనుకున్నదట. చిన్నమ్మా, నువ్వు చెప్పిందంత ఆమెకు యాదికున్నదట. యాదికి ఉండి గూడ, నొప్పి వచ్చినంక పాత కాన్పుల లెక్కనే అనిపించిందట.

మాపటికి మా అత్తోళ్ల బండ్లు పోయినంక నాయిన సద్ది పట్టుకొని పోయిండు. అమ్మ కొట్టం గుంజను పట్టుకొని నిలబడి ఉన్నది, పెదవి కొరుక్కొని నెత్తురు కారుతున్నది. సైదమ్మ రెండు దినాలు ఆముదం రాసి, కడుపు ఒత్తి చూసింది. మూడో పొద్దు బండి కట్టి నల్లగొండకు తీస్కపోయిండ్రు. పిల్లగాడు అప్పటికే లోపల పోయిండు. ముక్కలు చేసి తీసిండ్రు చిన్నమ్మా. మొగపిల్లగాడు. నాయిన గుడ్డల మూట కట్టుకొని వచ్చిండు, నాకు చూపియ్యలే.

నువ్వు అడిగింది నిజమే. నువ్వు పోయిన నాలుగు దినాలకు మొదలైంది. నిలుస్తలేదు. కూసున్నా పండుకున్నా కారుతనే ఉన్నది. తొడలు ఒరిసి పుండ్లైనయి. చిన్నపిల్ల ఉన్న ఇల్లని నాయిన ఆమె మంచం చేను కాడి కొట్టంల వేసిండు. బాయి కాడికి రానిస్తలేరు. నేను బువ్వ తీస్కపోతే, పిల్లను ఇటు తేకు వాసనొస్తది అంటది. ఆరుగురిని కన్నది గదా, ఈ ఒక్కదానికి ఏమైంది అని నాయిన ఇప్పటికీ అంటడు. నేను విన్న.

వచ్చే నెల నన్ను తోలుకపోనీకి మా అత్త వస్తది. నేను పోతే అమ్మకు బువ్వ ఎవలు తీస్కపోతరు?

నీ బిడ్డ,
భద్రమ్మ


మహబూబ్‌నగర్,
3 జూన్ 1959.

అక్కా,

నాకు అంతా తెలుసు. భద్రిని ఏమీ అనకు.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. తిట్టాలనిపించి ఒక జాబు రాశాను, చింపేశాను. నా ఎదట ఉంటే కొట్టేదాన్ని, కొట్టి ఏడ్చేదాన్ని.

బిడ్డ తల మూడు రోజులు ఎముకకూ మూత్రపు తిత్తికీ నడుమ ఒత్తుకుని ఉన్నందువల్ల అక్కడ కండ చచ్చి చిల్లి పడింది. ఇది శాపం కాదు, మైల కాదు. కుట్టవచ్చు. మా డాక్టరమ్మ కుట్టింది, కొందరికి నిలిచింది, కొందరికి రెండోసారి కుట్టాల్సి వచ్చింది. అందరికీ నయమవుతుందని అబద్ధం చెప్పను. కానీ కొట్టంలో పడుకుంటే ఎవరికీ నయం కాదు. పుండు ఈపాటికి కొంత మాని ఉంటుంది. వర్షాలు పడి బాటలు చెడకముందే రా. ఈసారి ఎవరి తొట్టెల గురించీ రాయకు.

నిర్మల


రాళ్లగూడెం,
జ్యేష్ఠ మాసం.

చెల్లె నిర్మలకు అక్క సుగుణమ్మ రాసేది.

లీలమ్మ మొన్న వచ్చింది, భద్రిని, పిల్లను తోలుకపోనీకి. నన్ను కొట్టంలనే ఉండమని మీ బావ చెప్పి పోయిండు. కాసేపు ఉన్న. ఎందుకు ఉండాలె అనిపించింది. లేచి, పాత చీర మడతలు పెట్టి కట్టుకొని, నడుచుకుంట ఇంటికి పోయి వాకిట్ల నిలబడ్డ.

లీలమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, మహబూబ్‌నగర్ నుంచి ఎప్పుడొచ్చినవ్ వదినె అన్నది. నేను మహబూబ్‌నగర్ పోలే వదినె అన్న. నీ మనుమరాలి తొట్టెల నాడు నేను చేను కాడ నొప్పులు తీస్తున్న, నువ్వు నవ్వుతవని దాక్కున్న, నా కొడుకు ముక్కలై వచ్చిండు, ఇప్పుడు నాకు ఉచ్చ నిలుస్తలేదు అన్న. మీ బావ సుప్, నోరు ముయ్యి అన్నడు. నువ్వే సుప్ అన్న. ఇరవై ఆరేండ్ల కాపురంల ఆయన్ను ఆ మాట అన్నది అదే మొదలు. పక్కింటోళ్లు గోడ మీదికెల్లి చూస్తున్నరు. చూడనీ అనుకున్న.

లీలమ్మ నవ్వుతదనుకున్న. కొంగు ముక్కు మీదికెల్లి తీసింది. మొగోళ్లను బయటికి పొమ్మన్నది, భద్రిని గూడ పొమ్మన్నది. తలుపు దగ్గరికేసి నా పక్కన కూసుందమని మంచం కోడు పట్టుకొని మెల్లగ వంగింది. అప్పుడు చూసిన నేను. నడుం అచ్చం నా లెక్కనే బిగిసింది. వాళ్ల ఊర్లె బాయి గూడ మా బాయి అసుంటిదే. తర్వాత నా చెయ్యి తీస్కొని తన కడుపు మీద పెట్టుకున్నది.

నాలుగో నెల నిర్మలా. కోడలికి పిల్ల పుట్టినంక తనకు నిలిచిందని ఇంట్ల ఎవలికీ చెప్పలే. మొగడికి గూడ చెప్పలే. నువ్వు నవ్వుతవనే భయపడ్డ వదినె అని నాతోని అన్నది. ఐదుగురిని కన్న, నాకేం కాదు గదా అని అడిగింది. నువ్వు రాసిన జాబు, ఎముకల సంగతిది, పెట్టెల నుంచి తీసి మొత్తం చదివి వినిపించిన. రెండుసార్లు చదవమన్నది.

శుక్రారం బస్సుకు ఇద్దరం వస్తున్నం. లీలమ్మ నాకు తోడు వస్తున్నట్టు వాళ్లింట్ల చెప్పింది. భద్రి పిల్లతోని ఇక్కడనే ఉంటది, మేం వచ్చేదాక. మీ బావ పైసలు ఇయ్యనన్నడు, అడుగనేలేదు, లీలమ్మ తెస్తాంది. బస్సుల జనం మాకు దూరం జరుగుతరు, జరగనీ.

మంచాలు రెండు చూడు. డాక్టరమ్మ మొదలు లీలమ్మను చూడాలె. నన్ను ముందు చూస్తనంటే ఒప్పుకోకు. నాది కారుతనే ఉంటది, ఎన్ని దినాలైనా ఆగుతది. ఆమెది ఆగది.

మీ అక్క,
సుగుణమ్మ